చెరసాల నుంచి వచ్చే పిలుపు

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో. సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతీ శుభాలూ కురియుగాక!

 

కొంతకాలం క్రితం కామవరపుకోటలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మేము మసీదు బయటికి వస్తున్నాము. గేటు పక్కన ఒక వృద్ధురాలు నిలబడి ఉంది. చేతిలో పాత బటన్ల ఫోను. "మౌలానా సాబ్, ఈ నంబరు కాస్త చూడండి. మావాడిదేనా?" అని అడిగింది. ఆమె చిన్న కొడుకు దూరాన ఒక జైల్లో ఉన్నాడు. మేము చూశాము. ఒకే నంబరు నుంచి ఆ ఉదయం మూడుసార్లు ప్రయత్నించినట్టు మెసేజీ ఉంది.

"పొద్దున్నే పామాయిల్ తోటకి పోయాను, రాలిన పండ్లు ఏరడానికి. లోపలికి పోతే సిగ్నల్ ఉండదు. మధ్యాహ్నం రోడ్డు మీదకి వచ్చాక ఈ మెసేజీ పడింది. మీరొకసారి చేసి చూడండి" అంది. మేము చేశాము. అటువైపు ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాము. అదే జవాబు. లోపలి నుంచి బయటికి మాట్లాడేందుకు పెట్టిన ఫోను అది. బయటి నుంచి చేస్తే ఖైదీకి అందదు. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తోచలేదు.

"అయితే మళ్లీ వాడి వంతు వచ్చేదాకా ఇంతేనా?" అని ఆమే అంది. కాసేపాగి ఇంకో మాట చెప్పింది. "పెద్దోడి నంబరు కూడా రాసిచ్చాడంట. వాడు ఎత్తడు మౌలానా సాబ్."

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే. జైలు నుంచి వచ్చే ఫోనుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస గోడ లోపల ఉంది. అక్కడి నియమాలు మన చేతిలో లేవు. రెండో కొస మన ఇంట్లో ఉంది. దాని విషయంలో అల్లాహ్ మనల్ని ప్రశ్నిస్తాడు.

చెరసాల నుంచి వెళ్లిన ఒక మాట

దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా మనలో చాలామందికి తెలుసు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏ నేరమూ చేయకుండానే చెరసాల పాలయ్యారు. ఆయనతోపాటు ఇద్దరు యువకులు కూడా ఖైదులో ఉన్నారు. వాళ్లు తమ కలలు చెప్పుకుంటే, ముందుగా ఏకదైవ విశ్వాసాన్ని బోధించి, ఆ తర్వాత ఆ కలల భావం వివరించారు. విడుదల కాబోతున్న వ్యక్తిని ఆయన కోరినది ఒక్కటే: నీ యజమాని దగ్గర నా సంగతి ప్రస్తావించు అని.

ఆలోచించండి సోదరులారా! చెరసాలలో ఉన్న ఒక ప్రవక్త బయటి లోకానికి పంపిన సందేశం అది. ఒక్క వాక్యం. దాన్ని మోసుకెళ్లే మనిషి కళ్లెదుటే ఉన్నాడు. అయినా సందేశం చేరలేదు. ఎందుకు? కాపలాదారులు అడ్డుకున్నారా? లేదు. గోడలు అడ్డుపడ్డాయా? లేదు. బయటికి వెళ్లినవాడు మరచిపోయాడు. షైతాన్ అతణ్ణి మరపింపజేశాడని ఖుర్ఆన్ చెబుతోంది. ఆ మరపు ఫలితంగా యూసుఫ్ (అలైహిస్సలాం) మరికొన్ని సంవత్సరాలు చెరసాలలోనే ఉండిపోయారు. రాజుగారికి కల వచ్చి, దాని భావం ఎవరూ చెప్పలేకపోయినప్పుడు గానీ ఆ మనిషికి ఆయన గుర్తుకు రాలేదు.

ఇందులో అల్లాహ్ ప్రణాళిక ఉంది, సందేహం లేదు. అయితే మనం నేర్చుకోవలసిన పాఠమూ ఉంది. ఖైదీని బయటి లోకం నుంచి వేరుచేసేది గోడ ఒక్కటే కాదు. బయట ఉన్నవాళ్ల మరపు కూడా. గోడకు నియమాలుంటాయి, గడువులుంటాయి. మరపుకు గడువు లేదు. ఆ మరపు షైతాన్ పని అని ఖుర్ఆన్ పేరుపెట్టి మరీ చెప్పింది.

ఫోను ఎందుకు కలవదు?

మన ప్రాంతం వారికి జైలు అంటే ఏలూరులోని జిల్లా జైలు, లేదా రాజమహేంద్రవరంలోని సెంట్రల్ జైలు గుర్తుకొస్తాయి. రాజమహేంద్రవరం జైలుకు 1870లోనే సెంట్రల్ జైలు హోదా వచ్చింది. కామవరపుకోట నుంచి అక్కడికి వెళ్లాలంటే జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరుకుని గోదావరి దాటాలి. బస్సు చార్జీలు, ఒక రోజు కూలి నష్టం, తోడుగా వచ్చే మనిషి ఖర్చు లెక్కేస్తే, పేదింటి తల్లి నెలకొకసారి వెళ్లడం కూడా కష్టమే. అందుకే ములాఖాత్ కన్నా ఫోనే ఆధారమైపోయింది. 2020లో కరోనా వచ్చి దేశమంతటా జైళ్లలో ములాఖాత్‌లు ఆగిపోయినప్పుడు ఆ ఫోను విలువ ఏమిటో అన్ని కుటుంబాలకూ తెలిసొచ్చింది.

కేంద్ర హోం శాఖ 2016లో రూపొందించిన నమూనా జైలు నియమావళి ఖైదీలకు ఫోను సదుపాయం కల్పించాలని సూచించింది. అయితే ఈ సదుపాయానికి కట్టుబాట్లు ఉంటాయి. సాధారణంగా ఖైదీ ముందుగా రాసిచ్చిన నంబర్లకే, అధికారులు వాటిని సరిచూసిన తర్వాతే మాట్లాడనిస్తారు. నిర్ణీత వేళలో, కొద్ది నిమిషాలే అవకాశం. వెనుక వరుసలో మరికొందరు నిలబడి ఉంటారు. సంభాషణను అధికారులు వినవచ్చు. కొన్ని రకాల కేసుల్లో ఉన్నవారికీ, క్రమశిక్షణ తప్పినవారికీ ఆ సదుపాయం ఉండకపోవచ్చు. సాక్షులను బెదిరించకుండా, లోపలి నుంచి నేరాలు నడపకుండా ఉండేందుకే ఈ కట్టుబాట్లు. వాటి అవసరాన్ని మనం కాదనలేము.

కానీ మేము కొన్ని కుటుంబాలతో మాట్లాడినప్పుడు ఒక సంగతి గమనించాము. చాలా ఫోన్లు తెగిపోతున్నది మన వైపే. రీఛార్జి చేయించక నంబరు ఆగిపోతుంది. తొంభై రోజులు వాడకం లేకపోతే ఆ నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది. తర్వాత అది ఇంకెవరికో ఇచ్చేస్తారు. లోపలి బిడ్డ "అమ్మీ" అని పిలిస్తే ఎవరో అపరిచితుడు "రాంగ్ నంబర్" అని పెట్టేస్తాడు. లేదా ఇంట్లో ఎవరో కొత్త సిమ్ తీసుకుంటారు. జైల్లో రాసిచ్చిన నంబరు పాతదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. లేదా తెలియని నంబరు, మోసగాళ్లేమోనని ఎత్తరు. ఈ రోజుల్లో మోసాలు నిజమే గనుక ఆ భయమూ అర్థమయ్యేదే. ఇవేవీ కాకపోతే, నంబరు తెలిసీ ఎత్తరు. అన్నిటికన్నా బరువైనది ఇదే.

అందని ఉత్తరాల కాలం

మన పెద్దలు ఫోను లేని కాలంలో ఖైదు అనుభవించారు. షేఖుల్ హింద్ మౌలానా మహమూదుల్ హసన్ (రహ్మతుల్లాహి అలైహి) గారిని బ్రిటిషువారు 1917లో మాల్టా ద్వీపానికి తరలించి, 1920 దాకా బందీగా ఉంచారు. శిష్యుడు మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ (రహ్మతుల్లాహి అలైహి) ఆయన వెంటే ఉన్నారు. సముద్రం మధ్యన ద్వీపం, పరాయి దేశం, కన్నవారి కబురు అందడమే గగనం.

మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ గారి ఉదంతం మరింత హృదయవిదారకం. 1942 ఆగస్టులో ఆయనను అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. అక్కడ కూర్చుని మిత్రుడు మౌలానా హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ గారికి ఉత్తరాలు రాశారు. అవి అప్పట్లో పోస్టు కాలేదు. విడుదలైన తర్వాత 'గుబారె ఖాతిర్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఉర్దూ చదువుకున్న ప్రతి విద్యార్థికీ ఆ పుస్తకం తెలుసు. 1943 ఏప్రిల్‌లో కలకత్తాలో ఆయన సతీమణి జులైఖా బేగం గారు అనారోగ్యంతో కన్నుమూశారు. చివరి చూపు దక్కలేదు, చివరి మాట దక్కలేదు. బయటికి వచ్చాక ఆమె సమాధి దగ్గరికే వెళ్లగలిగారు.

అంతటి విద్వాంసుడికి, అంతటి నాయకుడికి లభించని అవకాశం ఈనాడు ఒక సామాన్య ఖైదీకి లభిస్తోంది. వారానికో, పది రోజులకో ఒకసారి తల్లి గొంతు వినవచ్చు. ఇది అల్లాహ్ అనుగ్రహం. అనుగ్రహానికి కృతజ్ఞత చూపడమంటే నోటితో అల్హమ్దులిల్లాహ్ అనడం ఒక్కటే కాదు, దాన్ని పాడు చేసుకోకుండా చూసుకోవడం కూడా. గంట మోగుతుంటే ఫోను పక్కన పెట్టేయడం ఎలాంటి కృతజ్ఞత?

"నేరం చేసినవాడితో మాకేమిటి?"

ఈ మాట మేము చాలా ఇళ్లలో విన్నాము. "వాడు మా పరువు తీశాడు. చెల్లెలి సంబంధం తప్పిపోయింది. మాకు వాడు లేడనే అనుకున్నాము" అంటారు. ఆ బాధ మేము తక్కువ చేసి చూడము. నేరం నేరమే. ఇస్లాం నేరాన్ని వెనకేసుకు రమ్మని చెప్పదు. బాధితుడి హక్కు ముందుంటుంది. కానీ శిక్ష వేసే అధికారం న్యాయస్థానానిది. న్యాయస్థానం కారాగారం విధిస్తే, దాని మీద మనం మరో శిక్ష కలుపుతున్నాము: బంధుత్వం తెంచివేయడం. ఆ శిక్ష వేసే అధికారం మనకు ఎవరిచ్చారు?

పైగా లోపల ఉన్నవారందరి నేరమూ రుజువు కాలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురి విషయంలో తీర్పు ఇంకా రాలేదు. న్యాయమూర్తి తీర్పు చెప్పకముందే అన్నదమ్ములు తీర్పు చెప్పేస్తున్నారు.

దైవప్రవక్త (స) వారి ఆచరణ ఎలా ఉందో చూద్దాం. యమామా నాయకుడైన సుమామా బిన్ ఉసాల్ ముస్లిములకు శత్రువు. పట్టుబడి బందీగా వస్తే మస్జిదె నబవీలో ఒక స్తంభానికి కట్టి ఉంచారు. దైవప్రవక్త (స) స్వయంగా ఆయన దగ్గరికి వచ్చి పలకరించారు. మర్నాడు మళ్లీ వచ్చారు. మూడో రోజు కూడా వచ్చారు. ప్రతిరోజూ అదే ప్రశ్న, సుమామా, నీ మనసులో ఏముంది అని. మూడో రోజు విడిచిపెట్టమని ఆదేశించారు. కట్లు విప్పగానే ఆయన వెళ్లి స్నానం చేసి వచ్చి ఇస్లాం స్వీకరించారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఉదంతం ఇది. ఆ మూడు రోజులూ బందీ విన్న మాటలు ఎన్ని? కొన్నే. రోజుకు కొన్ని నిమిషాలే. కానీ పలకరింపు ఒక మనిషిని మార్చివేసింది.

మరో సందర్భంలో మద్యం సేవించిన ఒక వ్యక్తికి శిక్ష అమలైంది. అక్కడున్నవారిలో ఒకరు అతణ్ణి శపించారు. దైవప్రవక్త (స) వారించారు. మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడకండి అని హితవు పలికారు. శిక్ష అనుభవిస్తున్నవాడు కూడా సోదరుడే. అయినవాళ్లందరూ వదిలేస్తే అతనికి మిగిలేది చెడు సావాసమే. జైల్లో అది వెతుక్కోనక్కర్లేదు. తల్లి ఫోను ఎత్తని రోజున పక్క బ్యారక్‌లోని పాత నేరస్థుడు భుజం మీద చెయ్యి వేస్తాడు.

అల్లాహ్ ప్రేమతో పేదలకు, అనాథలకు, బందీలకు అన్నం పెట్టేవారిని అద్దహ్ర్ సూరాలో ఖుర్ఆన్ ప్రశంసించింది. ఇక్కడ బందీ అంటే చెరసాలలో ఉన్నవాడు అని ప్రముఖ వ్యాఖ్యాత ముజాహిద్ (రహ్మతుల్లాహి అలైహి) వివరించారు. ఇమామ్ అబూ హనీఫా శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో ఖైదీల తిండి, బట్టల ఖర్చు ప్రభుత్వ ఖజానాయే భరించాలనీ, వాళ్లను సంకెళ్లతో వీధుల్లో భిక్షాటనకు పంపడం తగదనీ స్పష్టం చేశారు. పన్నెండు వందల ఏళ్ల క్రితమే మన పెద్దలు ఖైదీ గౌరవం గురించి ఆలోచించారు. మరి మనం?

ఇక రక్తసంబంధం విషయానికొస్తే, దాన్ని తెంచివేసేవాడు స్వర్గంలో ప్రవేశించడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. వాళ్లు మనల్ని కలుపుకుంటే మనమూ కలుపుకోవడం గొప్ప కాదు, తెగిపోయిన బంధాన్ని తిరిగి కలిపేవాడే నిజంగా బంధుత్వాన్ని నిలిపినవాడని కూడా తెలిపారు. తప్పు చేసిన తమ్ముడి ఫోను ఎత్తడం ఈ కోవలోకే వస్తుంది.

సముద్రం ఆవల నుంచి

గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఆడపడుచులు, మగవాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్తారు. అక్కడ ఏదైనా కేసులో చిక్కుకుంటే ఇంటికి కబురు అందడం మరీ కష్టం. కువైట్ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనుక, దుబాయ్ సమయం గంటన్నర వెనుక. అక్కడ రాత్రి తొమ్మిదికి వాళ్లు ఫోను చేస్తే కువైట్ నుంచయితే మనకు పదకొండున్నర. కూలికి వెళ్లివచ్చిన ఇల్లు నిద్రలో ఉంటుంది. పైగా విదేశీ నంబరు. మోసమనుకుని ఎత్తరు.

తెలంగాణలోని సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు కూలీల కథ మనందరికీ తెలియాలి. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో వాళ్లు జైలు పాలయ్యారు. మృతుని కుటుంబానికి పరిహారం అందించి, క్షమాపణ పత్రం తీసుకున్నా వెంటనే విడుదల దొరకలేదు. సుమారు పద్దెనిమిదేళ్ల తర్వాత, 2023 చివర, 2024 ప్రారంభంలో ఒక్కొక్కరుగా ఇళ్లకు చేరుకున్నారు. వాళ్లు ముస్లిములు కారు. అయినా వాళ్లకు మార్గం చూపినది బాధిత కుటుంబం క్షమాభిక్ష. ఇస్లామీయ న్యాయం ఆ ద్వారాన్ని తెరిచి ఉంచింది. ఆ నేపాలీ కుటుంబం చేసిన మేలు చిన్నది కాదు. పద్దెనిమిదేళ్లంటే ఒడిలోని బిడ్డ పెళ్లీడుకు వచ్చేంత కాలం. అలాంటి తండ్రికీ బిడ్డకూ మధ్య మిగిలేది ఫోనులో గొంతు ఒక్కటే.

అలా విదేశంలో చిక్కుకున్నవారి కుటుంబాలు తెలుసుకోవలసినది ఒకటుంది. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి తన దేశపు దౌత్య కార్యాలయాన్ని సంప్రదించే హక్కు ఉంది. మన విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌లో కుటుంబమే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చదువుకున్న యువకులు పక్కింటి పేదరాలి కోసం ఒక అరగంట వెచ్చిస్తే ఆ పని పూర్తవుతుంది.

అధికారులకు ఒక విన్నపం

జైలు సిబ్బంది పని కష్టమైనది. వాళ్ల నియమాలను గౌరవిస్తూనే ఒక మాట విన్నవించుకుంటున్నాము. కుటుంబంతో సంబంధం ఖైదీకి చేసే దయ కాదు, అది అతని హక్కు. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో మన సుప్రీంకోర్టు, కుటుంబ సభ్యులను, మిత్రులను కలుసుకునే అవకాశం రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. 2015 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లోని 58వది, ఉత్తరాలతోపాటు ఫోను వంటి సాధనాలతోనూ ఖైదీ తన వారితో మాట్లాడే వీలుండాలని చెబుతోంది. మండేలా గారు రాబెన్ దీవిలో తొలినాళ్లలో ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖాత్‌తో సరిపెట్టుకున్నారు. ఆ నియమాలకు ఆయన పేరు పెట్టడంలో అర్థముంది.

అమెరికాలో మార్తా రైట్ అనే అమ్మమ్మ ఉండేవారు. ఆమెకు చూపు లేదు. జైల్లో ఉన్న మనవడి ఉత్తరాలు చదవలేరు. ఫోనొక్కటే దారి. కానీ ఆ ఫోను ఖర్చు ఆమె తాహతుకు మించిపోయింది. 2000లో కోర్టుకెక్కారు. 2003లో ప్రభుత్వ టెలికాం సంస్థకు అర్జీ పెట్టారు. 2015లో ఆమె మరణించారు. 2023 జనవరిలో, ఖైదీల ఫోను ధరలకు న్యాయమైన హద్దు విధించే వీలు కల్పిస్తూ ఆమె పేరుతోనే చట్టం వచ్చింది. ఆమె ముస్లిం కాదు, మన దేశస్థురాలూ కాదు. కానీ ఆమె గాథ విన్నప్పుడు మాకు హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గుర్తుకొచ్చారు. కొడుకు కబురు లేక దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఇంకా ఆ యూసుఫేనా అని విసుక్కున్నారు. ఆయన మాత్రం అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందలేదు. చివరికి కొడుకు చొక్కా వాసనే ఆయనకు కబురైంది. కబురు ఎంతటి ఔషధమో అల్లాహ్ మనకు ఆ విధంగా తెలియజేశాడు.

మనం చేయవలసిన పనులు

మొదటిది, జైల్లో రాసిచ్చిన నంబరును అమానతుగా భావించండి. రీఛార్జి ఆపకండి. నంబరు మారితే వెంటనే జైలు సూపరింటెండెంట్ గారికి అర్జీ పెట్టి కొత్తది నమోదు చేయించండి. సిమ్ ఎవరి పేరున ఉందో ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.

రెండోది, ఫోను సాధారణంగా ఏ రోజు, ఏ వేళ వస్తుందో గుర్తుపెట్టుకోండి. ఆ పూట సిగ్నల్ ఉన్న చోటే ఉండండి. ఇంటిల్లిపాదికీ ఆ సంగతి చెప్పండి. ఎవరైనా ఫోను చేసి జైలు నుంచి మాట్లాడుతున్నామంటూ డబ్బు అడిగితే మాత్రం పంపకండి. ముందు జైలుకు వెళ్లిగానీ, వకీలు ద్వారాగానీ నిజం తెలుసుకోండి.

మూడోది, ఉన్నవి కొద్ది నిమిషాలు. సగం ఏడుపుతో, సగం నిందలతో పోనివ్వకండి. చెప్పవలసినవి ముందే అనుకోండి: సలాం, ఇంట్లోవాళ్ల క్షేమం, కోర్టు వాయిదా తేదీ, వకీలు చెప్పిన మాట, చివర ఒక దుఆ. పిల్లలుంటే ఒక్క నిమిషం వాళ్లకివ్వండి. సాక్షుల గురించీ, ప్రతివాదుల గురించీ ఫోనులో మాట్లాడకండి. లైను మధ్యలో కట్టయితే అతను కోపంతో పెట్టేశాడని అనుకోకండి. గడువు అయిపోయి ఉంటుంది.

నాలుగోది, దొంగచాటుగా లోపలికి సెల్‌ఫోను చేరవేసే ఆలోచన చేయకండి. అది నేరం. దొరికితే అతనికి ఉన్న సదుపాయం కూడా పోతుంది. ప్రేమ పేరుతో చేసినా తప్పు తప్పే. దానికి బదులు ఉత్తరం రాయండి. ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు, అది మధ్యలో కట్టవదు. లోపల ఎన్నిసార్లయినా తీసి చదువుకోవచ్చు.

ఐదోది, వకీలును పెట్టుకునే స్తోమతు లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. 1987 నాటి చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

చివరిగా మసీదు కమిటీలకు మా మనవి. మీ ఊళ్లో ఖైదీల కుటుంబాలు ఎన్ని ఉన్నాయో గుట్టుగా తెలుసుకోండి. మతం చూడకండి, అవసరం చూడండి. వాళ్ల ఫోను రీఛార్జికి, ములాఖాత్ చార్జీలకు సదకా నిధి నుంచి కొంత కేటాయించండి. చదవను రాయను రానివారికి ఒక యువకుణ్ణి తోడు ఇవ్వండి. విశ్వాసి కష్టాన్ని ఇహలోకంలో తొలగించినవాడి కష్టాన్ని అల్లాహ్ ప్రళయదినాన తొలగిస్తాడన్న శుభవార్త మీకు తెలిసినదే.

ఆ అన్నయ్య

ఆ తల్లి చెప్పిన మాట మమ్మల్ని వదల్లేదు. ఆ తర్వాత ఒకరోజు జంగారెడ్డిగూడెంలో పెద్ద కొడుకు దుకాణానికి వెళ్లాము. టీ తెప్పించాడు. విషయం ఎత్తగానే ముఖం మారిపోయింది. "మౌలానా సాబ్, వాడు చేసింది మీకు తెలుసు కదా. నేను ఈ బజార్లో తలెత్తుకోలేకపోయాను" అన్నాడు.

"భాయీ, యూసుఫ్ (అలైహిస్సలాం)ను అన్నలే బావిలో తోశారు. వాళ్లు ఎదుట నిలబడిన రోజున ఆయన ఏమన్నారు? ఈ రోజు మీ మీద ఏ నిందా లేదన్నారు. ఇక్కడ తప్పు చేసినవాడు తమ్ముడు, క్షమించవలసిన చోట మీరున్నారు. అతణ్ణి విడిపించమని మేము అడగడం లేదు. మోగినప్పుడు ఎత్తమంటున్నాము. అంతే" అన్నాము. ఆయన జవాబు చెప్పలేదు. మేము సలాం చెప్పి వచ్చేశాము.

మూడు వారాల తర్వాత ఆయనే ఫోను చేశాడు. "వాడు చేశాడు, మౌలానా సాబ్. ఎత్తాను. మొదట ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మీ గురించి అడిగాడు. మోకాళ్ల నొప్పి తగ్గిందా అన్నాడు. చెబుతుండగానే కట్టయిపోయింది" అన్నాడు. కాసేపు మౌనం. ఆపైన అడిగాడు: "మళ్లీ ఎప్పుడు చేస్తాడంటారు?"

కొన్నేళ్లుగా ఎత్తని ఫోను కోసం ఆ మనిషి ఎదురుచూడడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ తల్లి తోటకు వెళ్లిన రోజున ఫోను వస్తే అన్నయ్య ఎత్తుతున్నాడు. ఆమె అడిగిన ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇంతే. లోపలి కొసను మనం మార్చలేకపోవచ్చు. మన కొసను మాత్రం పట్టుకుని ఉండగలము.

ఓ అల్లాహ్! చెరసాలల్లో ఉన్న అమాయకులకు విముక్తి ప్రసాదించు. తప్పు చేసినవారికి పశ్చాత్తాపాన్నీ, బాధితులకు న్యాయాన్నీ, ఊరటనూ ప్రసాదించు. ఎదురుచూసే తల్లుల కళ్లకు చలువనివ్వు. షైతాన్ మరపు నుంచి మమ్మల్ని కాపాడు. తెగిన బంధాలను కలిపేవారిలో మమ్మల్ని చేర్చు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!